మతం లేనివాళ్ల ఉంగరాలు

ఈ మధ్య నర్సింగులో కొత్తగా చేరిన అమ్మాయిలు ఈ ఉక్కు కార్ఖానా ఊళ్లో, బారిడీహ్ పేటలో ఉన్న మా ఇంటికి వస్తున్నారు. టీ తాగుతూ అనుభవాలు చెప్పమంటారు. నేను నోరు విప్పేలోగా వాళ్లే మొదలుపెడతారు. "ఆంటీ, మేం రెలిజియస్ కాదు, స్పిరిచ్యువల్." ఆ మాట అన్నాక కొత్త చీర కట్టుకున్నవాళ్లలాగా నా వైపు చూస్తారు, బాగుందని అంటానేమోనని. నేను బిస్కెట్ల ప్లేటు ముందుకి జరుపుతాను.

ఆ మాట నేను మొదటిసారి విన్నది డెబ్భైలు ముగిసే రోజుల్లో, ఇదే ఊళ్లో, కాలిన గాయాల వార్డు గుమ్మం దగ్గర. చెప్పినాయన మా పై అధికారి, ఆస్పత్రి సూపరింటెండెంటు. ఆ గుమ్మం దగ్గర జరిగింది రాస్తే నర్సు ఉద్యోగమంటే ఏమిటో సగం చెప్పినట్టే. మిగతా సగం బెడ్‌పాన్లు, దాన్ని గురించి రాయక్కర్లేదు, చేరిన వారంలో మీకే తెలుస్తుంది. నేనెప్పుడు సీనియరునయ్యాను, ఎవరు నన్ను దాటి ముందుకెళ్లారు అన్న గొడవలు కూడా వదిలేస్తున్నాను.

సబ్బు

కార్ఖానాలో కాలినవాళ్లని మా వార్డుకి తెచ్చేవారు. కాలిన మనిషిని మొదటి రోజుల్లో చంపేది మంట. ఆ రోజులు దాటాక చంపేది మురికి. పైన చర్మం లేదు గనక బయట ఉన్నదల్లా లోపలికి పోతుంది. కాబట్టి నర్సు చెయ్యాల్సింది చాలా చిన్న పని: చేతులు కడుక్కోవడం. మోచేతుల దాకా, గోళ్ల సందుల్లో బ్రష్షు పెట్టి, ఎర్ర కార్బాలిక్ సబ్బుతో. ఆ తరవాత గౌను, మాస్కు, టోపీ. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లేముందు మళ్లీ మొదటి నుంచి. రోజంతా ఇదే. చలికాలంలో చేతులు పగిలి నెత్తురొచ్చేది.

మా మేట్రన్ మలయాళీ ఆవిడ. ఆదివారం చర్చి తప్పదు. కానీ కొత్తగా చేరిన పిల్లని ఏ చర్చి అని అడిగేది కాదు, గోళ్లు చూపించమనేది. ఎవరూ చూడనప్పుడు కూడా కడుగుతావా అని ఒకే ఒక్క ప్రశ్న వేసేది. అందరూ కడుగుతామనే చెప్పేవాళ్లం. ఆవిడ కిటికీ బయట చెట్టు వెనకో తలుపు వెనకో నిలబడి చూసేది.

నా సంగతి చెప్పాలి. మాది క్రైస్తవ కుటుంబం. నాన్న కోస్తా నుంచి బడిపంతులుగా ఈ హిందీ ఊరొచ్చారు. నా భక్తి ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. గొడుగు బస్సులో మర్చిపోతాం చూడండి, అలా పోయింది. దిగాక చాలాసేపటికి గాని చూసుకోలేదు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆదివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పాటలు బాగుండేవి.

సింహాచలం

ఫర్నేస్ దగ్గర కరిగిన ఇనుము చిమ్మి సింహాచలానికి ఛాతీ, చేతులు, వీపు కాలిపోయాయి. బూట్లుండబట్టి పాదాలు మిగిలాయి. శ్రీకాకుళం వైపు మనిషి, గోవింద్‌పూర్‌లో అద్దె ఇల్లు. పేరులో అంత దేవుణ్ణి పెట్టుకున్న ఈ మనిషికి దేవుడంటే నమ్మకం లేదు. ఎందుకు లేదని ఒకసారి డ్రెస్సింగు చేస్తూ అడిగాను, నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లించడానికి.

"నాకు కుదర్నేదమ్మా," అన్నాడు. "కొందరికి పొగాకు కుదరదు గదా, అలాగన్నమాట."

ఇంతకన్నా తేటగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. అతనికి దేవుడి మీద కోపమూ లేదు, వాదనా లేదు. యూనియనులో హేతువాది ఒకాయన కిటికీ జాలీ అవతల నిలబడి, నువ్వు మన సిద్ధాంతానికి నిలువెత్తు రుజువువని చెప్పబోతే, "నానేటీ రుజువు సెయ్యడానికి కాలిపోనేదు బాబూ" అని మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన కిటికీ దగ్గర ఇంకాసేపు మాట్లాడి వెళ్లాడు. ఒక నిమ్మకాయైనా తేలేదు.

అతని భార్య పైడమ్మకి మాత్రం ఈ ఊళ్లోనూ వాళ్ల ఊళ్లోనూ ఉన్న దేవుళ్లందరూ చుట్టాలే. అమ్మవారి బొట్టు, విబూది, దర్గా తాడు, మా పాస్టరుగారి దగ్గర అడిగి తెచ్చుకున్న నూనె, అన్నీ ఒకే గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆ సంచిలో వాళ్లకి తగాదాలేమీ ఉన్నట్టు లేదు. గుమ్మం దగ్గర ఆపేశాను. అక్కడ బోర్డు ఉండేది: మతానికి సంబంధించిన వస్తువులు లోపలికి తేకూడదు. మా సూపరింటెండెంటుగారు స్వయంగా పెట్టించిన బోర్డు అది. నిజం చెప్పాలంటే చాలా మంచి బోర్డు. అది లేనప్పుడు ఒక కుర్రాడి గాయాల మీద ఎవరో తీర్థం చిలకరించారు. ఆ పిల్లాడు దక్కలేదు.

గాజులు

సంచి బయట పెట్టడానికి పైడమ్మ ఒప్పుకుంది. అసలు పేచీ గాజుల దగ్గర వచ్చింది. లోపలికి వచ్చేవాళ్లెవరైనా మోచేతుల దాకా ఏమీ ఉండకూడదు. గాజుల కింద మురికి ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

"గాజులు తీసీమంటే ఎలాగమ్మా," అంది. "మనిసి లోపల అలాగున్నాడు."

తెలుగు ఆడవాళ్లకి వేరే వివరం అక్కర్లేదు. మొగుడు చావుబతుకుల్లో ఉండగా చేతులు బోసిగా పెట్టుకోవడం ఎలాంటిదో నాకూ తెలుసు. వరండాలో ఉన్న ఆడవాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కిరస్తానీదానికేం తెలుసు అని ఒకావిడ వినపడేలాగే అంది. పైడమ్మ లోపలికి రాలేదు, ఇంటికీ పోలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది.

లోపల ఇతను తినడం మానేశాడు. కాలిన మనిషి తినకపోతే కొత్త చర్మం పుట్టదు, అతికించినా నిలవదు. గుడ్లు, పాలు, పప్పు, ఏదో ఒకటి పొద్దస్తమానం పెడుతూనే ఉండాలి. మాకున్న మంది డ్రెస్సింగులకే చాలరు. ఒక్కొక్కరికీ గంటసేపు కూర్చుని తినిపించడానికి మనిషి ఏదీ? సింహాచలానికి సంగతి చెప్పాను, మీ ఆవిడ గాజులు తీయనంటోందని.

"తీసీమనండమ్మా," అన్నాడు. "నాను సచ్చిపోతే గాజులుండి ఏటి సేత్తాయి? బతికితే మల్లీ కొంటాను."

ఆ మాట వెళ్లి చెప్పాను. పైడమ్మ లేచి సింకు దగ్గరికి వచ్చింది. సబ్బు రాసి ఒక్కొక్కటే జార్చింది. కింద సిమెంటు గచ్చు. ఒక్క గాజు పగిలినా పైడమ్మ గుండె ఆగేలా ఉంది. నేను తువ్వాలు మడిచి సింకు కింద పరిచాను. నమ్మకం లేనిదాన్నే. అయినా పరిచాను. ఒక్కటీ పగల్లేదు.

ఆ రోజు నుంచి ఆవిడ గౌను, మాస్కు వేసుకుని లోపల ఉండేది. మాస్కు వల్ల మంత్రం వినపడదు, చదివేదో లేదో కూడా నాకు తెలీదు. తినిపించేది. తినిపించడం అయ్యాక కాలని పాదం ఒకటి పట్టుకుని కూర్చునేది. చేతులు కడగడంలో నా స్టాఫు నర్సుల కన్నా ఆవిడే నయం. మేట్రన్ చెట్టు వెనక నుంచి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయిన మనిషి ఆ ఏడాదికి ఆవిడొక్కతే.

మండలి

ఇప్పుడు మా సూపరింటెండెంటుగారి దగ్గరికి వద్దాం. సర్జనుగా ఆయనకి వంక పెట్టేవాడికి కళ్లు పోతాయంటాను. విలాయత్‌లో చదివారు. అక్కడి నుంచి సర్జరీతో పాటు ఇంకో విద్య కూడా తెచ్చారు. ఆయన గదిలో దేవుడి పటం ఉండదు, నీలం రంగు గుండ్రం ఒకటి ఫ్రేము కట్టించి ఉంటుంది. తాను మతస్థుణ్ణి కాదనీ ఆధ్యాత్మికుణ్ణనీ ఇంగ్లీషులో చెప్పేవారు. ఆదివారాలు ఆయన బంగళాలో ఆఫీసర్లూ వాళ్ల భార్యలూ చేరి కళ్లు మూసుకుని కూర్చునేవారు. దానికి మండలి అని పేరు. గుడికి వెళ్లే క్లర్కుల్ని చూసి పాపం అనుకునేవారు. మా సెక్టారులో పూజకి మైకు పెట్టేవాళ్లని చూసి ఇంకా పాపం అనుకునేవారు. కళ్లు తెరిచాక అక్కడ వడ్డించే టిఫిను మాత్రం చాలా గొప్పగా ఉంటుందని వంటవాడు చెప్పాడు.

ఇంట్లో కూర్చున్నంతకాలం ఎవరికీ నష్టం లేదు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. కానీ ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్నట్టు, మండలికి రోగుల్ని బాగుచేసే ఆలోచన వచ్చింది. అందరూ మంచం చుట్టూ నిలబడి అరచేతులు రోగి మీద చాపితే శక్తి ప్రవహిస్తుందట.

సింహాచలానికి తొడ నుంచి చర్మం తీసి ఛాతీ మీద అతికించారు. చేసినది సూపరింటెండెంటుగారే, అద్భుతంగా చేశారు. ఆ చర్మం పట్టుకుంటే మనిషి దక్కినట్టు. మురికి సోకి కుళ్లితే ఇంకోసారి అతికించే ఓపిక ఆ ఒంట్లో లేదు. కట్టు విప్పి చూడ్డానికి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, మండలి మొత్తం వార్డు గుమ్మం ముందుకి వచ్చింది. ముందు మా బాసు. వెనక పట్టుచీరలు, సఫారీ సూట్లు, సెంటు వాసన.

ఐదు నిమిషాలు చాలు సిస్టర్, ఎవరూ ముట్టుకోరు అన్నారు. గౌన్లు, చేతులు అన్నాను. మాస్కు వేసుకుంటే శ్వాసకి అడ్డం, శక్తి ప్రవాహం దెబ్బతింటుంది అన్నారు. బోర్డు వైపు చూశాను. అప్పుడు ఆ మాట అన్నారు, అందరికీ వినపడేలా, చిరునవ్వుతో: ఇది మతం కాదు, ఆధ్యాత్మికం. క్రిములకి ఆ తేడా తెలుసా సార్ అని నా నోటి దాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను. దారికి అడ్డంగా మాత్రం నిలబడ్డాను. ఆయన కొంచెం పక్కకి జరుగు అన్నట్టు చెయ్యి చూపించారు.

నేను ఏం చేసి ఉండేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను. ఈలోగా తలుపు తీసుకుని పైడమ్మ బయటికి వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కళ్లున్నాయి. గౌనుతోనే గుమ్మానికి అడ్డంగా నిలబడి నన్ను అడిగింది.

"అమ్మోరి బొట్టు లోపలికి రాకూడదన్నారు. నాసేత గాజులు తీయించేసినారు. మరి ఈ బాబులు ఉంగరాల్తో ఎలాగెల్తారమ్మా?"

ఏమంటోందని బాసు అడిగారు. హిందీలో చెప్పాను. ఇది మతం కాదని ఆవిడకి చెప్పు అన్నారు. తెలుగులో చెప్పాను.

"ఏదైతే నాకేటి," అంది పైడమ్మ. "సేతులు కడుగుతారా, నేదా?"

అది కూడా హిందీలోకి మార్చాను. ఒక్క ముక్క వదల్లేదు. ఆయన మొహం ఎర్రబడింది. తరవాత ఆయనలో ఉన్న సర్జను లేచాడనుకుంటాను, ఆ విషయం ఒప్పుకోవాలి. వెనక్కి తిరిగి, అందరూ చేతులు కడుక్కుని గౌన్లు వేసుకోండి, ఉంగరాలూ గడియారాలూ తీసేయండి అన్నారు.

అప్పుడు చూశాను ఆ చేతుల్ని. మతం లేదన్నవాళ్ల వేళ్ల మీద నవగ్రహాలన్నీ కొలువై ఉన్నాయి. పగడం, పుష్యరాగం, గోమేధికం, ముత్యం. ఒకాయనకి రెండు చేతులకీ కలిపి నాలుగు. ఆయనకి నీలం ఉంది. అది వేలి నుంచి తీస్తే శని ఒప్పుకోడట. ఇది మతమేగా అని అడిగాను, అమాయకంగా. కాదు, ప్రకంపనలు అన్నారు. శనిదేవుడికి కూడా మతం లేదని ఆ రోజే తెలిసింది. ఇంకొకరికి జ్యోతిష్కుడు ఫలానా నెల దాకా తీయొద్దన్నాడట. ఇంకొకరికి వేలు లావెక్కి ఉంగరం రాదట. పైడమ్మ సబ్బు ముందుకి చాపింది. ఆయన తీసుకోలేదు.

చివరికి తోటలో నిలబడి కిటికీ గుండా శక్తి పంపుతామని తీర్మానించారు. వెళ్లి గులాబీ మొక్కల మధ్య చేతులు చాపి నిలబడ్డారు. మాలీ ఒకడు తలెత్తి ఆకాశం చూసి, వాన పడుతోందా అని నన్ను అడిగాడు.

మర్నాడు నన్ను ఓపీకి మార్చమని మేట్రన్‌కి పైనుంచి మాట వచ్చిందని విన్నాను. ఆవిడ ఏమందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నేను ఆ వార్డులోనే ఉన్నాను.

గుడ్డు

ఇక్కడ నా లెక్క ఒకటి తప్పింది. మండలి తోటలోకి వెళ్లినప్పుడు ఒకావిడ సింకు దగ్గరే ఉండిపోయింది. మిసెస్ దత్తా అనేవాళ్లు, కద్మాలో ఒక ఇంజనీరు భార్య. అందరిలోకీ ఎక్కువ సెంటు పూసుకొచ్చింది ఈవిడే. పగడపు ఉంగరం తీసేసింది. ఎడమ చేతికి ఇనుప గాజు ఉంది. బెంగాలీ ముత్తైదువలు భర్త ఉన్నంతకాలం దాన్ని తీయరు. దాన్ని చూస్తూ నిలబడింది. పైడమ్మకి భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. తన బోసి చేతులు ఎత్తి చూపించింది. తరవాత స్టీలు గిన్నె ఒకటి తెచ్చి ఆవిడ చెయ్యి కింద పెట్టి పట్టుకుంది. దత్తాగారు గాజు తీసి అందులో పెట్టింది.

గౌను వేసుకుని లోపలికి వచ్చాక, శక్తి తరవాత ఇద్దురు గాని, ముందు ఈ గుడ్డు తినిపించండి, పైడమ్మ ఇంటికెళ్లి స్నానం చేసి వస్తుంది అని గిన్నె చేతికిచ్చాను. వాసనకి పారిపోతుందని నా అంచనా. నిజంగానే మధ్యలో లేచి బయట వాంతి చేసుకుంది. వాంతి చేసుకుని, మూతి కడుక్కుని, మళ్లీ మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, మిగిలిన గుడ్డు పెట్టింది.

మర్నాడు వచ్చింది. ఆ తరవాత కూడా వచ్చింది. సింహాచలానికి తినిపించడం అయ్యాక వేరే మంచాలకి వెళ్లింది. సెంటు పూసుకోవడం తనంతట తనే మానేసింది. చాలా ఏళ్లు వచ్చింది. శక్తి మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. మండలిలో కళ్లు మూసుకుంటే ఏమొస్తుందని ఒకసారి ఆటపట్టించాను. కళ్లు మూసుకుంటే వంటగదిలో పనులన్నీ గుర్తొస్తాయంది. ఇక్కడ వాళ్లు నములుతుంటే మింగేదాకా చూస్తుంటాను, ఇంకేమీ గుర్తురాదు అంది. నేను ఇంకో గుడ్డు గిన్నె ఆవిడ చేతికిచ్చాను.

కాబట్టి అమ్మాయిలూ, మీరు స్పిరిచ్యువల్ అని నాకు చెప్పకండి. అది రక్తపు గ్రూపు లాగా ముందే చెప్పేసే సంగతి కాదు. అవతలి మనిషి మింగేదాకా చూడగలిగితే మీరు ఏదైనా కావచ్చు, నాకు అభ్యంతరం లేదు. చూడలేకపోతే ఎంత గొప్ప ధ్యానమైనా ఇంట్లో టిఫినుకి ముందు చేసుకోండి. దేవుణ్ణి నమ్మేవాళ్లని చూసి నవ్వకండి. పైడమ్మ అందర్నీ నమ్మేది, గుమ్మం దగ్గర నాకు అండగా నిలిచింది ఆవిడే. నమ్మనివాళ్లని చూసి జాలిపడకండి. వాళ్లకి కుదరలేదు, అంతే.

ఇంటికి

కట్టు విప్పిన రోజు చర్మం పట్టుకుంది. గులాబీ రంగులో, తడిగా, అందంగా ఉంది. కాలిన గాయాల నర్సుకి లోకంలో అంతకన్నా అందమైన రంగు లేదు. నాకు ఏడుపొచ్చింది. మాస్కు తడిసిపోతే మార్చుకోవలసి వచ్చింది.

ఆ తరవాత అందరూ వచ్చారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. సూపరింటెండెంటుగారు క్లబ్బులో సామూహిక చైతన్యం మీద ఉపన్యాసం ఇచ్చారు. ఆయన కత్తి పనితనం గురించి ఒక్క మాట చెప్పుకోలేదట, అదే నాకు బాధ. పాస్టరుగారు నూనె గురించి సాక్ష్యం చెప్పారు. ఆ నూనె సంచిలో ఎవరెవరి పక్కన కూర్చుందో ఆయనకి తెలీదు. హేతువాది సైన్సు గెలిచిందని కిటికీ దగ్గర చెప్పాడు. పైడమ్మ విజయనగరం అమ్మవారికి కోడి మొక్కుకుంది. అందరికీ సింహాచలం బుర్ర ఊపాడు. మర్యాదస్తుడు.

ఇంటికి పంపే ముందు ఆఖరి డ్రెస్సింగు నేనే చేశాను. అన్ని రోజులూ మనసులో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను. మొదటి వారాల్లో, కట్టు మార్చేటప్పుడు, ఆ నొప్పికి రాయి కూడా ఎవర్నో ఒకర్ని తలుచుకుంటుంది. నీకు దేవుడు లేడు గదా, అప్పుడు ఎవర్ని పిలిచేవాడివి అన్నాను. అమ్మ అంటాడనో, పైడమ్మ అంటాడనో అనుకున్నాను.

కట్టు కట్టడానికి రెండో చెయ్యి చాపాడు.

"ఎవుల్నీ పిలవనేదమ్మా. అరిసినాను," అన్నాడు. "అరిత్తే మీరొచ్చినారు."